బుడమేరు నీళ్లకి మూడు వేల రూపాయల కిట్టు

ముందే చెప్పేస్తాను. ఇంట్లో తాగే నీళ్లు మంచివో కావో తేల్చుకోవడానికైతే ఈ నీటి పరీక్ష కిట్ కొనకండి. ఆ డబ్బు పెట్టి ఏదైనా ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించుకుంటే పద్ధతిగా రిపోర్టు ఇస్తారు. మీ ఇంటి వెనకాల కాలువో, వాగో, డ్రెయినో ఉండి, అందులో ఏం జరుగుతోందో నెలనెలా చూస్తూ ఉండాలనుకుంటే మాత్రం ఇది చదవండి. నేను కొన్నది అందుకే.

మాది విజయవాడ, సింగ్ నగర్ దాటాక పాయకాపురం వైపు. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు లెక్కలూ సైన్సూ ట్యూషన్ చెప్తాను. పుట్టి పెరిగింది ఇక్కడే, బుడమేరు వాగు కట్ట పక్కనే. నాన్నగారు రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసేవారు. పొద్దున సైకిలెక్కేటప్పుడు ఆయన చెప్పే మాట ఒక్కటే, "కట్ట దిగకండమ్మా." దిగితే గాజు పెంకులు, ఇంజెక్షన్ సూదులు, చచ్చిన పంది. అయినా దిగేవాళ్లం. గేదెలు దిగుతున్నాయి కదా, మనకేం అవుతుంది అనుకునేవాళ్లం.

మా అమ్మ వెండి కుందులు శుక్రవారం తోమితే మళ్లీ శుక్రవారానికి నల్లబడేవి. విభూది పెట్టి తోమేది, చింతపండు పెట్టి తోమేది. ఎవరిదో దిష్టి అనేది నాయనమ్మ. గాలి ఆడని మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండిని నల్లగా చేస్తుందని నేను డిగ్రీలో చదువుకున్నాను. ఇంటికొచ్చి చెప్తే, "అయితే దానికి కూడా దిష్టి తీయించు" అంది నాయనమ్మ. ఈ వాయువు సంగతి మళ్లీ కిట్‌లోనూ వస్తుంది, కాస్త ఆగండి.

బుడమేరు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మైలవరం వైపు కొండల్లో పుట్టి వెలగలేరు రెగ్యులేటర్ దాకా వస్తుంది. అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ ఆ నీటిని ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి కృష్ణలో కలుపుతుంది. పాత దారి మాత్రం ఊళ్లోంచి వెళ్లి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద యూటీలో (కాలువ అడుగున కట్టిన సొరంగంలో) దూరి, చివరికి కొల్లేరుకి చేరుతుంది. అంటే వానలు లేని రోజుల్లో మా ఇంటి పక్కన పారేది కొండల నీళ్లు కావు. మా ఇళ్లలోంచి వచ్చిన నీళ్లే. 2002లో రామ్సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కిన కొల్లేరుకి మేం పంపించేది ఇది.

2005లో వరదొచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మళ్లీ వచ్చింది. ఆ రెండోసారి సంగతి దేశమంతా టీవీలో చూసింది కాబట్టి నేను కొత్తగా చెప్పేదేం లేదు. డాబాల మీద జనం, వీధుల్లో పడవలు, డ్రోన్లతో అన్నం పొట్లాలు. ఆ తర్వాత బుడమేరు గురించి అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. గట్లు ఎత్తు పెంచాలన్నారు, ఆక్రమణలు తీయాలన్నారు, ఛానల్ వెడల్పు చేయాలన్నారు. అన్నీ కావాల్సినవే, కాదనను. కానీ ఎంత నీరు అనే మాట తప్ప ఎలాంటి నీరు అనే మాట ఏ మీటింగులోనూ వినపడలేదు. ఏడాదిలో వరద నాలుగు రోజులు. మిగతా రోజులన్నీ మేం బతికేది ఈ నీళ్ల పక్కనే కదా.

ఇక కిట్ సంగతి. కంపెనీ పేరు రాయడం లేదు. ఆన్‌లైన్‌లో దొరికే మూడు నాలుగు రకాలు లోపల దాదాపు ఒకటే. నీలం ప్లాస్టిక్ పెట్టె, గీతలున్న టెస్ట్ ట్యూబులు, ఒక సిరంజి, నంబర్లేసిన డ్రాపర్ సీసాలు, రంగుల కార్డు, బ్యాక్టీరియా పరీక్షకి చిన్న వయల్స్. కరిగిన ఆక్సిజన్ పరీక్ష సెట్టు విడిగా అమ్ముతారు. రెండూ కలిపి నాకు మూడు వేల చిల్లర పడింది. ఊళ్లలో జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి ఇలాంటి కిట్లతోనే నీళ్లు పరీక్షించడం నేర్పిస్తున్నారు. సిటీలో వాగు పక్కన ఉన్నవాళ్లకి ఎవరూ నేర్పరు, మనమే నేర్చుకోవాలి.

పెట్టె తెరవగానే అందరూ చేసేది పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె. రంగు బాగా వస్తుంది, పిల్లలకి సరదా. బుడమేరు లాంటి చోట మాత్రం అది దేనికీ పనికిరాదు. ఇళ్ల మురుగు పీహెచ్ ఏడుకి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. తాగే నీళ్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం 6.5 నుంచి 8.5. మురుగు కూడా హాయిగా అందులోనే కూర్చుంటుంది. మా వీధిలో ఒకాయన కార్డు పక్కన ట్యూబు పెట్టి చూసి, "అమ్మా, పాసైపోయిందిగా మన బుడమేరు!" అన్నారు. పీహెచ్ ఒక్కటే చూసి సంబరపడేవాళ్లు ఆన్‌లైన్ రివ్యూల్లో కూడా చాలామంది కనిపించారు. గట్టిదనం పరీక్ష కూడా అంతే, మనకి అనవసరం. క్లోరైడ్ పరవాలేదు. మురుగు కలిస్తే క్లోరైడ్ పెరుగుతుంది కాబట్టి ఒక డ్రెయిన్ కలవకముందు, కలిశాక పోల్చి చూడటానికి పనికొస్తుంది.

అమ్మోనియా పరీక్ష దగ్గర నాకు కోపం వచ్చింది. పరీక్ష మంచిదే. కొత్తగా కలిసిన మురుగుని పట్టిస్తుంది, పసుపు నుంచి ఇటుక రంగు దాకా తేడా స్పష్టంగా కనపడుతుంది. కానీ ఇందులో వాడింది నెస్లర్ రీయేజెంట్ అనే రసాయనం. అందులో పాదరసం ఉంటుంది. సీసా మీద ఉన్నది '4' అనే నంబరు, ఒక పుర్రె గుర్తు. అంతే. పాదరసం అన్న మాట ఎక్కడా లేదు, వాడేశాక ఏం చేయాలో లేదు. కాగితంలో ఉన్నట్టు చేసి ట్యూబు అక్కడే కడిగేస్తే, వాగుని బాగుచేద్దామని వెళ్లి వాగులో పాదరసం పోసి వచ్చినట్టే. నేను ఆ సీసా పిల్లల చేతికి ఇవ్వను, వాడిన నీళ్లు మూతున్న డబ్బాలో పోసి దాస్తున్నాను. సాలిసిలేట్ పద్ధతిలో పనిచేసే అమ్మోనియా కిట్లు ఉన్నాయి, వాటిలో పాదరసం ఉండదు. కాస్త ఖరీదైనా అవే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఆక్సిజన్ పరీక్ష. కిట్ మొత్తంలో మన డబ్బుకి విలువ ఇచ్చేది ఇదొక్కటే. 1888లో వింక్లర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతినే చిన్న సీసాలో పట్టేలా చేశారు. గాజు బిరడా ఉన్న సీసాని నీళ్లలో ముంచి, ఒక్క బుడగ కూడా లేకుండా నింపాలి. బుడగ ఉంటే అందులోని గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. మొదటి సీసాలోంచి మాంగనీస్ సల్ఫేట్ చుక్కలు, రెండో సీసాలోంచి క్షారం కలిపిన అయొడైడ్ చుక్కలు వేసి, బిరడా బిగించి, తలకిందులు చేస్తూ కలపాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. ఆక్సిజన్ అస్సలు లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది.

కట్ట మీద మొదట ఇంట్లో పట్టుకొచ్చిన కుళాయి నీళ్లతో చేసి చూపించాను. కాఫీపొడి రంగు మడ్డి చక్కగా దిగింది. తర్వాత మా వీధి చివర కల్వర్టు కింద నీళ్లు. కలిపాం, పెట్టాం, చూస్తున్నాం. పాలు విరిగినట్టు తెల్లటి తరకలు దిగాయి, రంగు మారలేదు. పక్కనే టిఫిన్ బండి బాబాయ్ చేతిలో గరిటెతోనే వచ్చి, "ఏమ్మా, ఇదే బాగున్నట్టుందే, తెల్లగా ఉంది" అన్నాడు. కాదు బాబాయ్, ఇందులో ఊపిరి లేదు, రంగు తేలేది ఊపిరి ఉంటేనే అని చెప్పాను. ఆయన రెండు సీసాలూ ఎత్తి ఎండకి పట్టి చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లుగా నేను ఎంత చెప్పినా జరగని పని ఆ రెండు సీసాలు చేశాయి. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు మాత్రం ఒప్పుకోలేదు. "మేడమ్, మొన్న ఇక్కడే కొర్రమీను పట్టారు కదా, ఊపిరి లేకపోతే ఎట్లా బతికింది?" మంచి ప్రశ్న. కొర్రమీను, మార్పు లాంటివి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. అవి ఉన్నాయంటే నీళ్లు బాగున్నాయని కాదు, మిగతావి బతకలేకపోయాయని.

సరిగ్గా కొలవాలంటే ఆ తర్వాత యాసిడ్ వేయాలి, మడ్డి కరిగి పసుపుగా అవుతుంది, స్టార్చ్ వేస్తే నీలం, థయోసల్ఫేట్ చుక్కలు ఒక్కొక్కటే వేస్తూ నీలం పోయేదాకా లెక్కపెట్టాలి. చుక్కల లెక్కే లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని. గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు రెండు. మన ఎండకి, ముప్ఫై డిగ్రీల నీళ్లలో ఆక్సిజన్ సహజంగా పట్టేదే ఏడున్నర మిల్లీగ్రాములు. స్నానానికి పనికొచ్చే నీళ్లలో కనీసం 5 ఉండాలని కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. యాసిడ్ దగ్గర చేతికి గ్లవుజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. కిట్‌లో గ్లవుజులు ఒక్క జతే ఇచ్చారు, అదీ నా చేతికి పట్టలేదు.

కిట్ కాగితం చెప్పని ముఖ్యమైన విషయం ఒకటుంది, వేళ. నీళ్లు ఆకుపచ్చగా నాచు పట్టి ఉన్న చోట మధ్యాహ్నం చేస్తే ఆక్సిజన్ బ్రహ్మాండంగా కనపడుతుంది, ఎండకి నాచు తయారు చేస్తూ ఉంటుంది కాబట్టి. రాత్రంతా అదే నాచు పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చేస్తే అసలు రంగు బయటపడుతుంది. గుర్రపుడెక్క కమ్మేసిన చోటైతే ఎండ లోపలికి దిగదు, ఏ వేళయినా ఒకటే. అందుకని ఒకే చోట, ఒకే వేళకి చేయండి. లేకపోతే మీ నోట్‌బుక్‌లో అంకెలు ఒకదానికొకటి పొంతన ఉండవు.

బీఓడీ అని పేపర్లలో చదువుతుంటారు కదా, నీళ్లలో కుళ్లే సరుకు ఎంత ఆక్సిజన్ తినేస్తుందో చెప్పే లెక్క, ఈ కిట్ దాన్ని కొలవదు. పెట్టె మీద మాత్రం 'కాలుష్యం పూర్తి పరీక్ష' అని వేసుకున్నారు. ల్యాబుల్లో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చేస్తారు. నేను మోటుగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకే చోట రెండు సీసాల నీళ్లు పడతాను. ఒకటి అప్పుడే పరీక్ష, రెండోది బట్టల బీరువాలో చీకట్లో మూడు రోజులు పెట్టి పరీక్ష. రెండో దాంట్లో ఆక్సిజన్ ఎంత తగ్గితే నీళ్లలో కుళ్లే సరుకు అంత ఉన్నట్టు. కచ్చితమైన అంకె రాదు, ఎవరికీ రిపోర్టుగా ఇవ్వకండి. మా ఆయన మాత్రం చొక్కాల మధ్యలో బుడమేరు ఏంటని ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.

బ్యాక్టీరియా వయల్ చాలా తేలిక. గీత వరకు నీళ్లు పోసి, మూత పెట్టి, ఒక రోజు నుంచి రెండు రోజులు గదిలో ఉంచితే మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారిపోతుంది. 1982లో గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు బయటపెట్టిన పద్ధతి ఇది. ఆ నలుపు కూడా హైడ్రోజన్ సల్ఫైడ్ వల్లే, మా అమ్మ కుందుల్ని నల్లబరిచిందే. అయితే అప్పటికే కుళ్లిన గుడ్డు వాసన కొట్టే నీళ్లు పోస్తే వయల్ అప్పటికప్పుడు నల్లబడుతుంది, అది బ్యాక్టీరియా లెక్క కాదు. కాబట్టి బుడమేరులో ఇది దండగ, మలం ఉందని చెప్పడానికి వయల్ ఎందుకు. వీధి కుళాయిలకీ, వరద తగ్గాక బోర్లకీ వాడండి, అక్కడ దీనికి సాటి లేదు. 2024లో నీళ్లు తీసేశాక ఇది నా దగ్గర ఉండి ఉంటే మా వీధి బోరు ఎప్పటినుంచి వాడుకోవచ్చో అన్న టెన్షన్ కొంత తగ్గేది. పారేసే ముందు వయల్‌లో కాస్త బ్లీచింగ్ కలిపి వదిలేయండి.

ఈ కిట్ వల్ల లాభం ఏంటని ట్యూషన్ తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. రెండు చెప్తాను. మా వీధి వాళ్లం కొందరం ఆదివారాలు కట్ట మీద ప్లాస్టిక్ ఏరుతాం. ఏరాక చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలు కూడా బాగా వస్తాయి. అలా శుభ్రం చేసిన చోటే సీసా ముంచితే మళ్లీ తెల్లటి మడ్డే. సంచులు తీస్తే నీళ్ల దారి తెరుచుకుంటుంది గానీ నీళ్లు మారవని ఒక్కసారిగా అందరికీ అర్థమైంది. ఇప్పుడు ఆదివారం సగం సమయం ఇళ్ల దగ్గరే గడుస్తుంది. వీధిలో యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) పైపు ఉండి కూడా కనెక్షన్ తీసుకోని ఇళ్లు ఎన్నున్నాయో, ఎవరి మరుగుదొడ్డి గొట్టం సైడు కాలువలోకి ఉందో తిరిగి చూస్తున్నాం. తిట్లు కూడా తింటున్నాం. "మీరేమైనా కార్పొరేషనా?" అని ఒక పెద్దావిడ చీపురుతోనే వచ్చింది. వాళ్లమ్మాయి నా దగ్గరే చదువుతుంది కాబట్టి బతికిపోయాం.

రెండోది సెప్టిక్ ట్యాంకర్ల సంగతి. రాత్రిళ్లు కల్వర్టు దగ్గర ట్యాంకర్ ఖాళీ చేసి పోతున్నారని ఒక ఆఫీసుకి ఫొటోలు పట్టుకెళ్తే, "ఎప్పటివమ్మా ఇవి, ఎక్కడివో ఏం తెలుస్తుంది" అన్నారు. తర్వాత కల్వర్టుకి పైన, కింద పట్టిన రెండు సీసాల మడ్డి, అమ్మోనియా రంగులు, తారీఖులు రాసిన నోట్‌బుక్ పట్టుకెళ్లాం. అక్కడున్న ఇంజనీరు గారు బి.టెక్.లో చేసిన ప్రయోగమని గుర్తుపట్టి, కూర్చోమన్నారు. మీ లెక్క మాకు చెల్లదు, కానీ మా వాళ్లతో శాంపిల్ తీయిస్తాను అన్నారు. తీయించారు కూడా. ఇప్పుడు కల్వర్టు దగ్గర ట్యాంకర్ దిగకుండా ఇనుప గొలుసు ఉంది. ఆ ట్యాంకర్లు ఇంకో చోటు చూసుకున్నాయేమో, అది మళ్లీ వేరే పంచాయితీ. మన కిట్ కాగితం కోర్టులో నిలబడదు, ఏ బోర్డూ దాన్ని రిపోర్టుగా తీసుకోదు. అధికారులు వాళ్ల ల్యాబ్‌ని కదిలించేలా చేయడానికి మాత్రం పనికొస్తుంది.

లోపాలు ఇంకొన్ని. కాగితం ఇంగ్లీషు, హిందీలోనే ఉంది, అక్షరాలు చీమల్లా కాదు, చీమ గుడ్లంత. మా పదో తరగతి పిల్లలు తెలుగులో పెద్ద అక్షరాలతో చార్టు రాసి లామినేషన్ చేయించారు, ఇప్పుడు అదే వాడుతున్నాం. రెండో నంబరు సీసా మూత కారుతుంది. అది క్షారం, పెట్టె అడుగున కార్డు మూల తినేసింది. రంగుల కార్డు ఎండలో పెడితే వెలిసిపోతుంది, నీడలో చూసి వెంటనే కవర్లో పెట్టేయండి. డెలివరీ బాగానే వచ్చింది. కస్టమర్ కేర్‌కి పాదరసం సంగతి అడిగితే, "మేడమ్, ప్రొడక్ట్ చాలా సేఫ్" అని ఒక మెసేజ్ వచ్చింది, అంతకుమించి సమాధానం లేదు. ఐదుకి మూడు ఇస్తున్నాను. అందులో రెండున్నర ఆక్సిజన్ సీసాకే.

రెండోసారి మొత్తం కిట్ కొనకండి, ఆక్సిజన్ సెట్టు రీఫిల్ విడిగా దొరుకుతుంది. తీసుకునేటప్పుడు తయారీ తేదీ అడిగి మరీ తీసుకోండి. థయోసల్ఫేట్ పాతబడితే బలం తగ్గి, చుక్కలు ఎక్కువ పట్టి, నీళ్లలో లేని ఆక్సిజన్ ఉన్నట్టు చూపిస్తుంది. స్టార్చ్ సీసాలో బూజు పట్టిందంటే పారేసి, గంజి పొడి వేడినీళ్లలో కాచి మీరే చేసుకోవచ్చు. నాకొచ్చిన రీఫిల్‌లో స్టార్చ్ బూజుతోనే వచ్చింది.